పన్నీరు (గులాబీ నీరు) కనిపెట్టింది ఇబ్న్ సీనాయేనా? సైన్స్ ఫెయిర్ చార్టు మీద ఏం రాయించాలి?

చంద్రగిరి సైన్స్ సార్

అందరికీ నమస్కారం. చంద్రగిరి దగ్గర ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఈసారి సైన్స్ ఫెయిర్‌కి మా తొమ్మిదో తరగతి పిల్లలు స్వేదనం తీసుకున్నారు. ఉప్పునీళ్ళు కాచి మంచినీళ్ళు పట్టడం ప్రతి ఏడూ ఎవరో ఒకరు తెచ్చేదే. "మనం పన్నీరు తీద్దాం సార్" అని ఒక పాప అంది. వాళ్ళ నాన్నది పూల అంగడి. వాళ్ళక్క పెళ్ళిలో పన్నీటి బుడ్డి పట్టుకుని వచ్చిన వాళ్ళందరి మీదా చిలకరించింది తనేనట. నీళ్ళలోకి ఆ వాసన ఎట్లా వస్తుందో తెలుసుకోవాలని అప్పటినుంచీ పట్టు. ఇట్లాంటి ప్రశ్న పిల్లలే అడిగితే నాకు ఎక్కడలేని హుషారు వస్తుంది. వెంటనే సరే అన్నాను.

పరికరం కూడా వాళ్ళే తయారు చేశారు. పాత ప్రెషర్ కుక్కర్‌కి వెయిట్ తీసేసి, ఆ ముక్కుకి రబ్బరు ట్యూబు తొడిగారు. ట్యూబుని చల్లనీళ్ళ బకెట్‌లోంచి పోనిచ్చి చివర గాజు సీసా పెట్టారు. పన్నీరు రోజాల రేకులు, మునిగేటంత నీళ్ళు పోసి స్టవ్ పెద్దగా పెట్టారు. చుక్కలు బాగానే పడ్డాయి, నీళ్ళు తేటగా ఉన్నాయి. వాసన చూస్తే మాత్రం ముందు రబ్బరు, తరవాత ఉడికిన ఆకు. రోజా వాసన ఎక్కడో వెనకాల లీలగా ఉంది.

అది ఒక సమస్య. రెండోది చార్టు. పిల్లలు ఇంటర్నెట్‌లో చూసి "ఆవిరి స్వేదనాన్నీ గులాబీ నీటినీ కనిపెట్టిన శాస్త్రవేత్త ఇబ్న్ సీనా" అని పెద్ద అక్షరాలతో రాశారు. మా సోషల్ సార్ చూసి, "మనవాళ్ళకి అంతకు ముందే తెలుసు, కొట్టేయండి" అన్నారు. ఇంకో మేడం జాబిర్ అనే ఆయన పేరు చెప్పారు. పిల్లలు నా మొహం చూస్తున్నారు. ఫెయిర్‌లో జడ్జి అడిగితే వాళ్ళు నిలబడి చెప్పగలగాలి, పైగా నా పిల్లల చేత నేను తప్పు రాయించకూడదు. మధ్యయుగాల అరబ్ సైన్స్‌లో ఈ పన్నీరు, అత్తరుల చరిత్ర తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్.

చిత్తూరు రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్

సార్, ముందు ఆ పాపకి నా ఆశీస్సులు చెప్పండి. చార్టు మాత్రం మార్పించండి.

ఇబ్న్ సీనా 980లో పుట్టి 1037లో కాలం చేశారు. మహా వైద్యుడు, అందులో సందేహం లేదు. కానీ ఆయన పుట్టడానికి వందేళ్ళకు పైగా ముందే గులాబీ నీరు సర్కారుకి పన్నుగా కట్టే సరుకు. ఖలీఫా అల్-మామూన్ కాలంలో, అంటే 813 నుంచి 833 లోపు, ఇరాన్‌లోని ఫార్స్ ప్రాంతం బాగ్దాద్ ఖజానాకి డబ్బుతో పాటు ఏటా 30,000 సీసాల గులాబీ నీరు పంపేది. ఇబ్న్ ఖల్దూన్ అనే చరిత్రకారుడు 14వ శతాబ్దంలో పాత పన్నుల జాబితాలోంచి ఈ లెక్క ఎత్తి రాశాడు. పన్నుకే అన్ని సీసాలు పోతే, అమ్మకానికి ఇంకెన్ని కాచి ఉంటారో పిల్లల్ని ఆలోచించమనండి. ఫార్స్‌లో జూర్ అనే ఊరు, ఇప్పటి ఫిరూజాబాద్, దీనికి పేరుమోసింది. అక్కడి గులాబీ నీరు మన దేశానికీ చైనాకీ ఎగుమతి అయ్యేదని 10వ శతాబ్దపు అరబ్ భూగోళ రచయితలు రాశారు.

జాబిర్ ఇబ్న్ హయ్యాన్ అనే అరబ్ రసవాదిది 8వ శతాబ్దం అంటారు. ఆయన పేరు మీద వందల పుస్తకాలున్నాయి, వాటిలో చాలా భాగం తరవాతి తరాల వాళ్ళు రాసినవేనని చరిత్రకారులు తేల్చారు. అసలు స్వేదన పాత్ర ఆయనకంటే పాతది. ఈజిప్టులో క్రీ.శ. 300 ప్రాంతంలో ఉన్న జోసిమోస్ అనే రసవాది ఇలాంటి పాత్రల్ని వర్ణించాడు. మూడు ముక్కుల బట్టీని, అంటే స్వేదన పాత్రని, తనకంటే ముందున్న మరియా అనే యూదు స్త్రీ వివరించిందని కూడా రాశాడు. ఇంత పాత కాలంలో ప్రయోగశాలలో ఒక ఆడమనిషి పేరు నిలిచిందంటే నాకు మహా సంతోషం. మీ స్కూలు ఆడపిల్లలకి ఆమె పేరు తప్పకుండా చెప్పండి.

నన్నడిగితే చార్టు మీద పెద్ద అక్షరాలతో ఉండాల్సిన పేరు అల్-కిందీ. సుమారు 801లో కూఫాలో పుట్టాడు, బాగ్దాద్‌లో పనిచేసి 873 ప్రాంతంలో పోయాడు. తత్వశాస్త్రం, లెక్కలు, వైద్యం, రహస్య లిపిని ఛేదించడం, అన్నిట్లో చెయ్యి పెట్టిన మనిషి. ఆయన పేరున సుగంధాల రసాయనం, స్వేదనాల మీద ఒక అరబిక్ పుస్తకం ఉంది. అందులో 107 తయారీలున్నాయి. సుగంధ తైలాలు, పూతలు, వాసన నీళ్ళు, ఖరీదైన సరుకుకి బదులుగా చౌకలో తయారు చేసుకునేవి కూడా ఉన్నాయి. ఏ సరుకు ఎంత, ఏ పాత్రలో, ఏ మంట మీద అని వరస పెట్టి చెప్పుకుపోతాడు. ద్రాక్ష సారాని నీటి తొట్టి మీద, అంటే నేరుగా మంట తగలకుండా వేడి నీళ్ళ మీద పాత్ర పెట్టి, స్వేదనం చేస్తే గులాబీ నీటి రంగులో దిగుతుందని కూడా ఒక మాట రాశాడు.

ఆ 107 తయారీలు తలుచుకున్నప్పుడల్లా నాకు ఆయన మీద గౌరవం పెరుగుతుంది. రాగిని బంగారం చేస్తామని తిరిగేవాళ్ళు ఎక్కువగా ఉన్న రోజులవి. అల్-కిందీ వాళ్ళ మాట నమ్మలేదు, అది మోసమని ఖండిస్తూ రాశాడు. అదే మనిషి, బజార్లో కస్తూరి అమ్మేవాడి పనినీ పూలు కాచేవాడి పనినీ కాగితం మీద పెట్టదగిన విద్యగా చూశాడు. కూలికి పనిచేసే చేతుల్లో ఉన్న జ్ఞానాన్ని అంత పెద్ద పండితుడు తూకాలతో సహా రాసి పెట్టడం మామూలు సంగతి కాదు. నేను పాఠం చెప్పిన రోజుల్లో ల్యాబ్ రికార్డు ఎందుకు రాయాలి మేడం అని విసుక్కునే పిల్లలకి ఈయన కథే చెప్పేదాన్ని.

పరికరాల విషయానికొస్తే అల్-రాజీ (865–925) అనే వైద్యుడు తన రహస్యాల గ్రంథంలో ప్రయోగశాల సామాను మొత్తం పేరు పేరునా రాశాడు. బట్టీకి మూడు భాగాలు. కింద పొట్ట పాత్ర, దాన్ని కర్అ అంటారు. దాని మీద టోపీలాగా బోర్లించే పాత్ర అన్‌బీక్. పక్కన చుక్కలు పట్టే సీసా కాబిలా. మీ పిల్లలు కార్డుబోర్డు మోడల్ చేస్తే అన్‌బీక్ లోపలి అంచుని జాగ్రత్తగా చూపించమనండి, కిటుకంతా అక్కడే ఉంది. ఆవిరి టోపీ లోపలి గోడకి తగిలి చల్లారి చుక్కలుగా జారుతుంది. ఆ చుక్క మళ్ళీ పొట్టలో పడకుండా, చూరు కింద వాననీళ్ళు పట్టే రేకు కాలవలాగా లోపల చుట్టూ ఒక గాడి ఉంటుంది. గాడిలో చేరిన నీళ్ళు పక్కకి వాలిన పొడుగు ముక్కులోంచి సీసాలోకి దిగుతాయి. రెండు పాత్రల సందుని మెత్తటి బంకమన్నులో వెంట్రుకలూ అవీ కలిపి పిసికి మూసేవాళ్ళు. ఇట్లాంటి గాజు అన్‌బీక్‌లు తవ్వకాల్లో దొరికాయి. గాజు వాడటం పెద్ద సౌకర్యం, అది సరుకుతో చర్య జరపదు, లోపల ఏం జరుగుతోందో కంటికి కనిపిస్తుంది.

ఇక జడ్జి కచ్చితంగా అడిగే ప్రశ్న ఒకటుంది. గులాబీలో వాసన ఇచ్చే పదార్థాల్లో జెరానియోల్ 230 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ 220 దగ్గర. మరి కుక్కర్‌లో నీళ్ళు 100 డిగ్రీలకే మరుగుతుంటే అవి ఎట్లా పైకి వస్తాయి? నీరూ నూనే కలవవు కాబట్టి రెండింటి ఆవిరి పీడనాలూ వేరువేరుగా పనిచేసి ఒకదానికొకటి తోడవుతాయి. ఆ మొత్తం గాలి పీడనానికి సమానం కాగానే మిశ్రమం మరుగుతుంది, అది 100 కంటే కొంచెం తక్కువలోనే జరిగిపోతుంది. దించిన తరవాత ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ నీళ్ళలో బాగా కరిగి ఉండిపోతుంది. పన్నీటికి ఆ వాసన చాలావరకు దాని చలవే.

గాజులమండ్యం శ్రీను

మేడం గారి మాట మీద గౌరవం ఉంది. కానీ తక్షశిల తవ్వకాల్లో మట్టి స్వేదన పాత్రలు దొరికాయి కదా, అవి అరబ్బుల కంటే ఎన్నో వందల ఏళ్ళ ముందువి. వరాహమిహిరుడు సుగంధాల మీద ఒక అధ్యాయమే రాశాడు. మన పిల్లలు మన ఊళ్ళో చార్టు పెడుతూ మన వాళ్ళ పేరు వదిలేసి బాగ్దాద్ పేరు రాయడం నాకు బాధగా ఉంది. సోషల్ సార్ చెప్పింది నిజమే అనిపిస్తోంది.

తిరుపతి హిస్టరీ పీజీ

శ్రీను అన్నా, మీరు చెప్పిన రెండూ నిజమే. కాకపోతే వేటిని ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టాలి.

తక్షశిలతో పాటు ఇప్పటి పాకిస్తాన్‌లోని (పాత గాంధార) చార్‌సద్దా దగ్గర షైఖాన్ ఢేరీలో కూడా చుక్కలు పట్టే మట్టి పాత్రలు పెద్ద సంఖ్యలో దొరికాయి. ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త 1979లో దీని మీదే వ్యాసం రాసి, స్వేదనానికి పుట్టిల్లు ఇండియాయేనా అని ప్రశ్న లేవనెత్తాడు. అవి సారా కాచినవని ఆయన వాదన. పూలు కాచినట్టు కాదు. వరాహమిహిరుడి అధ్యాయం 6వ శతాబ్దానిది. అందులో ఉన్న అందం వేరు. 16 సుగంధ ద్రవ్యాల్లోంచి నాలుగేసి ఎంచుకుంటే 1820 రకాల కలయికలు వస్తాయని లెక్క కట్టాడు. పరిమళాల పాఠంలో అంత గణితం ఇంకెక్కడా చూడలేదు నేను. అదంతా ద్రవ్యాలు కలపడం, ధూపం పట్టించడం మీద నడిచే విద్య. మ్యాథ్స్ సార్‌ని కూడా కలుపుకుని చార్టులో దానికి ఒక మూల ఇవ్వండి.

తెలుగువాళ్ళ పేరే కావాలంటే మన దగ్గర రాతి మీద చెక్కిన సాక్ష్యం ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో బాపట్ల తీరంలోని మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం. ఓడలు గాలివానకి ఒడ్డుకి కొట్టుకొస్తే సరుకంతా రాజులు లాక్కునే రోజుల్లో, ఆయన "న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం" అని వ్యాపారులకి అభయమిచ్చాడు. ఏ సరుకు మీద ఎంత సుంకమో ఆ శాసనంలోనే ఉంది. ఆ జాబితాలో చందనం, కర్పూరం, చీనీ కర్పూరం, ముత్యాలు, దంతం, జవ్వాది, కర్పూర తైలం, రాగి, వీటి మధ్యలో పన్నీరు. పన్నీరు మీద సుంకం! మా ప్రొఫెసర్ క్లాసులో ఆ వరస చదువుతున్నప్పుడు నాకు నిజంగా ఒళ్ళు పులకరించింది. లెక్చరర్ మేడం చెప్పిన ఫార్స్ సీసాలు ఒక చివర, మన బాపట్ల తీరం ఇంకో చివర పెట్టి పిల్లల చేత ఒక మ్యాపు గీయించండి సార్.

తరవాత కొండవీటి రెడ్డిరాజుల కాలంలో కూడా ఇదే వ్యాపారం. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చిన అవచి తిప్పయ్య సెట్టి ఎక్కడెక్కడి కర్పూరం, టిబెట్ కస్తూరి, గోవా జవ్వాది దిగుమతి చేసేవాడో చెప్పే పద్యం అందులో ఉంది, అది తెలుగు మేడంని అడిగితే పిల్లలకి చదివి వినిపిస్తారు.

గాంధీ రోడ్డు అత్తరు దుకాణం

అస్సలాం, నమస్కారం. మా అబ్బా కాలం నుంచి తిరుపతిలో అత్తర్లు అమ్ముతున్నాం. పుస్తకాల సంగతి మేడం చెప్పారు, నేను కళ్ళారా చూసింది చెప్తాను.

సరుకు కోసం కన్నౌజ్ వెళ్ళినప్పుడు అక్కడి బట్టీల దగ్గర నిలబడి చూశాను. డేగ్ అనే పెద్ద రాగి పాత్రలో పూలూ నీళ్ళూ వేసి, మూత చుట్టూ మన్నూ దూదీ కలిపిన ముద్దతో మూసేస్తారు. మూతలోంచి తాడు చుట్టిన వెదురు గొట్టం ఒకటి పక్కన నీళ్ళ తొట్టిలో ఉన్న రాగి బుడ్డిలోకి దిగుతుంది. ఆ బుడ్డిని భప్కా అంటారు, అందులో ముందే చందనం నూనె పోసి ఉంచుతారు. మీటర్లు ఉండవు, థర్మామీటర్ ఉండదు. ఒక పెద్దాయన తొట్టిలో చెయ్యి పెట్టి భప్కా ఒంటిని అరచేత్తో తడుముతూ కూర్చున్నాడు. వేడెక్కితే తొట్టిలో నీళ్ళు మార్చమంటాడు, ఆవిరి ఎక్కువైతే పొయ్యిలోంచి ఒక కట్టె లాగమంటాడు. రోజంతా అదే పని. మేడం చెప్పిన కర్అ, అన్‌బీక్, కాబిలా మూడూ ఇందులో ఉన్నట్టే లెక్క, టోపీ బదులు వెదురు గొట్టం, అంతే.

గులాబీ నూనె సంగతి ఒకటి. పాత అరబ్ వైద్య గ్రంథాల్లో గులాబీ నూనె అన్న చోటల్లా చాలావరకు రేకుల్ని నువ్వుల నూనెలోనో ఆలివ్ నూనెలోనో నానబెట్టి తీసిందే, ఇప్పుడు మనం అమ్మే రూహ్ గులాబ్ (పూలు కాచి తీసిన అసలు నూనె) కాదు. పన్నీటి మీద తేలిన నూనెని పట్టడం గురించి జహంగీర్ పాదుషా తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం వేడి వేడి పన్నీరు గిన్నెల్లోకి వంపుతుంటే పైన తెట్టు కట్టడం చూసి, దాన్ని కొద్దికొద్దిగా పోగు చేసిందట. అంత తక్కువ దొరుకుతుంది కాబట్టే దానికి ఆ ధర. కిలో నూనెకి మూడు నుంచి ఐదు టన్నుల పూలు కావాలి.

బాగ్దాద్‌లో ఇబ్న్ మాసవైహ్ అనే హకీం ఉండేవాడు, 857లో పోయాడు. సుగంధాల్లో పెద్దవి ఐదు అన్నాడు. కస్తూరి, అంబర్ (తిమింగలం నుంచి వచ్చేది), అగరు, కర్పూరం, కుంకుమపువ్వు. తిరుమల కొండ మీద శుక్రవారం అభిషేకానికి వాడే పరిమళ ద్రవ్యాలు తెలిసిన వాళ్ళకి ఇందులో మూడు వెంటనే తగులుతాయి. కస్తూరి, పచ్చకర్పూరం, కుంకుమపువ్వు. పునుగు, జవ్వాది కూడా అరబ్బులకి బాగా తెలిసిన సరుకులే. కస్తూరి, అంబర్ కలిపి ఘాలియా అనే లేపనం చేసేవాళ్ళు. దాన్ని కలిపేది ఏ నూనెలోనో తెలుసా సార్? బాన్ నూనె. అది అరబ్ ఎడారుల్లో పెరిగే మునగ జాతి చెట్టు గింజల నూనె, మన పెరటి మునగకి చుట్టం. దానికి సొంత వాసన దాదాపు ఉండదు, తొందరగా కనరు వాసన రాదు. అందుకని ఖరీదైన కస్తూరిని దాన్నే నమ్మి కలిపేవాళ్ళు.

ఇంకొకటి, మా అంగడికొచ్చే యాత్రికుల్లో చాలామంది "శేషాచలం ఎర్రచందనం అత్తరు ఇవ్వండి" అని అడుగుతారు. ఎర్రచందనానికి చెప్పుకోదగ్గ వాసన లేదండీ, అది రంగుకీ మందుకీ. వాసన తెల్లచందనానిది, చెట్టే వేరు. అరబ్ హకీములు కూడా తెలుపు, పసుపు, ఎరుపు చందనాలు వేరువేరుగా రాసి పెట్టారు.

చంద్రగిరి సైన్స్ సార్

మీ అందరికీ ఎట్లా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఈ థ్రెడ్ మొత్తం ప్రింటు తీసి క్లాసులో చదివించాను. మోటుపల్లి మ్యాపు పని సోషల్ సారే తీసుకున్నారు, మునగ సంగతి వినగానే పిల్లలు పెరట్లోంచి ఎండు మునక్కాయలు కోసుకొచ్చారు. మేడం గారూ, ఇప్పుడు రబ్బరు వాసన పోయే మార్గం, చార్టు మీద రాయాల్సిన వాక్యం, ఈ రెండూ చెప్పి పుణ్యం కట్టుకోండి.

చిత్తూరు రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్

అత్తరు దుకాణం అన్నయ్య గారు ఆ పెద్దాయన అరచెయ్యి గురించి రాసింది చదివి చాలాసేపు అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. మీ పిల్లలకి నేర్పాల్సింది కూడా అదే, మంట మీద అదుపు.

ముందు రబ్బరు ట్యూబు తీసేయండి. రబ్బరు వేడి ఆవిరికి తన వాసన ఇస్తుంది, పైగా గులాబీ నూనెని పీల్చుకుంటుంది. ఫ్రిజ్ రిపేరు వాళ్ళ దగ్గర సన్నని రాగి గొట్టం దొరుకుతుంది, లేదంటే ఆహారానికి వాడే సిలికాన్ ట్యూబు. గొట్టం ఎక్కడా మడత పడకూడదు, మూసుకుపోకూడదు. కుక్కర్ కాబట్టి ఈ ఒక్క విషయంలో మీరు పక్కనే నిలబడండి, పిల్లల మీద వదలొద్దు. సేఫ్టీ వాల్వ్ కొత్తది వేయించండి.

ఉడికిన ఆకు వాసనకి కారణం రేకులు అడుగంటడం. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా రసవాదులూ అల్-కిందీ కూడా నీటి తొట్టి మీద పాత్ర పెట్టింది సున్నితమైన సరుకు మాడకుండా ఉండటానికే. మీరు అడుగున నీళ్ళు మాత్రం పోసి, మధ్యలో ఇడ్లీ రేకు పెట్టి, పూరేకుల్ని దాని మీద వదులుగా పరచండి. ఆవిరి వాటి మధ్యలోంచి పోవాలి. పూలు ఎండెక్కక ముందు కోసినవై ఉండాలి, పచ్చటి తొడిమలు తీసేయాలి. మంట చిన్నది, చుక్క చుక్కగా పడితే చాలు. బకెట్‌లో నీళ్ళు గోరువెచ్చన కాగానే మార్చండి, ఐసు ఉంటే ఇంకా మేలు. మొదట పడేదాంట్లోనే వాసన ఎక్కువ. సువాసన తగ్గగానే ఆపేయండి, సీసా నింపాలని ఆశపడితే మిగిలిందంతా పలచనవుతుంది.

చార్టు మీద ఇట్లా రాయించండి: "స్వేదనం ఈజిప్టు, గాంధార ప్రాంతాల్లో ముందే తెలుసు. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్-కిందీ సుగంధాల తయారీని తూకాలతో సహా గ్రంథంగా రాశాడు. అప్పటికే ఫార్స్‌లో గులాబీ నీరు పెద్ద ఎత్తున తయారయ్యేది. 1244 నాటికి మోటుపల్లి రేవులో పన్నీరు మీద సుంకం ఉంది." ఇబ్న్ సీనా గురించి జడ్జి అడిగితే, ఆయన పుట్టిన ఏడాది, ఫార్స్ పన్ను కట్టిన కాలం పక్కపక్కన చెప్పమనండి పాపని.

ఇంకొక్క మాట. అప్పుడే దించిన పన్నీటికి కొంచెం ఉడుకు వాసన ఉంటుంది, అది సహజం. శుభ్రమైన గాజు సీసాలో పోసి, మూత పెట్టి, చీకటి గూట్లో ఉంచితే కొన్ని రోజులకి తగ్గుతుంది. అందుకని ఫెయిర్‌కి వారం పది రోజుల ముందే ఒక సీసా తీసి పెట్టుకోండి, ఆ రోజు జడ్జి ముందు ఇంకోటి కాచి రెండూ వాసన చూపించండి.